పరగడుపు

నవంబరు 16

మా ఆయన ఓయివా మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కేటప్పుడు మూలుగుతున్నాడు, దిగేటప్పుడు లేదు. పక్కింటి హిల్మా బీపీ ఎలా ఉంది? మాత్ర మార్చారట, కళ్ళు తిరగడం తగ్గిందట. ఇర్యా నడుము ఎలా ఉంది? బాగానే ఉందని ఫోనులో చెప్పింది. కూతుళ్ళు ఎప్పుడూ బాగానే ఉందంటారు, ఆ మాట పట్టుకుని కూర్చోకూడదు. పిల్లి ఎలా ఉంది? తింటోంది. ఇంక నేను.

అక్క ఇంపికి వారం వారం ఉత్తరం రాసేటప్పుడు ఇలాగే మొదలుపెట్టేదాన్ని. ఇంపి పోయి తొమ్మిదేళ్ళు. ఇంకోలా మొదలుపెట్టడం నాకు రాదు. బడికి వెళ్ళింది ఆరేళ్ళు, అందులో ఒక చలికాలమంతా దగ్గుతో ఇంట్లోనే ఉన్నాను.

నేనెలా ఉన్నానో ఇరవై ఒకటో తేదీన తెలుస్తుంది. పట్నం ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. పొట్టకి స్కానింగ్. పైత్యపు సంచి, వాళ్ళ భాషలో పిత్తాశయం, దాని లోపలి గోడకి పాలిప్ ఉందని పోయినేడు చెప్పారు. ఒంటిమీద పులిపిరి ఎలా ఉంటుందో లోపల అలాంటిదట. పోయినేడు అయిదు మిల్లీమీటర్లు. ఓయివా కొలత టేపు మీద చూశాను, మిరియపు గింజంత. పెరగకపోతే ఫరవాలేదు. పది దాటితే సంచి తీసేస్తారు.

ఇంపికి కూడా అక్కడే మొదలైంది, పైత్యపు సంచిలోనే. ఎన్ని మిల్లీమీటర్లో ఎవరూ చెప్పలేదు. చెప్పేసరికి కాలేయానికి పాకింది. ఏడు వారాలు.

గురువారం కదా, బఠాణీ సూపు కాచాను. ఓయివా మూడు గిన్నెలు తాగాడు.

నవంబరు 18

మంచు. వాకిట్లోది ఓయివా తవ్విపోశాడు. వద్దన్నా వినలేదు.

నవంబరు 20

కాగితం మళ్ళీ చదివాను. పరీక్షకి ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. పరీక్ష మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేనుకి. అంటే ఉదయం ఏడుంబావు నుంచి. రాత్రి నుంచే మానేస్తాను. ముందు మానేస్తే వాళ్ళేమీ అనరు కదా.

రేపు హిల్మా పేరురోజు. క్యాలెండరులో ఆ తేదీ కింద ఎవరి పేరు అచ్చయి ఉంటే ఆ రోజు వాళ్ళింటికి కాఫీకి వెళ్ళాలి, పిలుపు ఉండదు. నలభై రెండేళ్ళలో నేనొక్కసారీ మానలేదు. ఇర్యాని కన్న ఏడు కూడా చంటిదాన్ని ఎత్తుకునే వెళ్ళాను. పదకొండింటికి వెళ్ళి కాసేపు కూర్చుని అట్నుంచి అటే పట్నం వెళ్ళిపోదామని ఓయివా అన్నాడు. కూర్చోవడం తినడం కాదు కదా.

కాఫీ పొట్లం ఒకటి, కుండీలోని జెరానియం పూలమొక్క కొమ్మ ఒకటి హిల్మా కోసం తీసిపెట్టాను.

నవంబరు 21

స్కానింగ్ అయింది. పరగడుపునే వెళ్ళాను. హిల్మా ఇంట్లో నల్ల కాఫీ ఒక్క కప్పు, అంతే. కాఫీ తిండి కాదు. రంపపు మిల్లు క్యాంటీనులో ముప్పై ఏళ్ళు పోశాను, పొద్దున్నుంచి ఏమీ తినలేదు అంటూనే మూడో కప్పుకి చెయ్యి చాపేవాళ్ళు. ఎవరూ దాన్ని తిండి అనరు.

"రాత్రి నుంచి ఏమన్నా తిన్నారా?" అని నర్సు అడిగింది.

"లేదు."

"తాగారా?"

"లేదు."

డాక్టరు చిన్నపిల్ల. చేతులు వెచ్చగా ఉన్నాయి, జెల్ చల్లగా ఉంది. పక్కటెముకల కింద ఆ పరికరం పెట్టి నొక్కింది. ఊపిరి పీల్చి బిగబట్టమంది. ఎడమ పక్కకి తిరగమంది. మళ్ళీ వెల్లకిలా పడుకోమంది. పోయినేడు చూసినాయన గోల్ఫు గురించి చెబుతూనే ఉన్నాడు. ఈమె మాట్లాడలేదు.

"సంచి బాగా ముడుచుకుపోయి ఉందండీ. పరగడుపున ఇలా ఉండకూడదు, నిండుగా ఉండాలి. గోడ కూడా దళసరిగా కనబడుతోంది."

"పాలిప్ సంగతేంటమ్మా?"

"పన్నెండు వరకూ వస్తోంది."

పన్నెండు అనే అంది. సర్జను దగ్గరికి పంపిస్తాం, కాగితం ఇంటికి వస్తుంది అని చెప్పింది. పొట్ట తుడుచుకోవడానికి కాగితపు తువ్వాలు ఇచ్చింది. తుడుచుకున్నాను. బూట్ల తాళ్ళు కట్టుకున్నాను, రెండూ సరిగ్గానే కట్టుకున్నాను.

ఓయివా కారులో రేడియో వింటున్నాడు.

"ఏమన్నారే?"

"బాగానే ఉందన్నారు."

"చెప్పానా! ఊరికే బెంగపడి చస్తావు."

నవంబరు 22

చలి మైనస్ తొమ్మిది. ఒక్క కప్పు. నల్లది.

నవంబరు 23

గురువారం. బఠాణీలు నానబెట్టలేదు. కాల్చిన సాసేజీ పెట్టాను. "ఇవాళ గురువారం కాదా?" అన్నాడు ఓయివా. బఠాణీలు అయిపోయాయన్నాను. సంచీ నిండా ఉన్నాయి. నానితే బఠాణీ పన్నెండు ఉంటుందేమో అనిపించి ఒక్కటి తీసి టేపు మీద పెట్టబోయి మళ్ళీ సంచిలో వేసేశాను.

ఇర్యా ఫోను చేసింది. బాగానే ఉందన్నాను.

నవంబరు 25

ఈ పొద్దున మీగడ గిన్నె కడిగాను. మా ఇంట్లోది, హిల్మాది కాదు. హిల్మా ఇంట్లో మీగడ నా ముందుకి వచ్చిన మాట నిజమే. ఒక చుక్క పడి ఉంటుంది. నల్ల కాఫీలో ఒక చుక్క పడినంత మాత్రాన అది నల్లది కాకుండా పోదు.

నవంబరు 28

కాగితం వచ్చింది. సర్జను దగ్గరికి డిసెంబరు పన్నెండు. పోస్టు డబ్బా దగ్గరే చదివి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. ఇంట్లోకి వచ్చి కోటు విప్పలేదు. చలిగా ఉందా అని ఓయివా అడిగాడు. అవునన్నాను.

పొయ్యి మీద బంగాళాదుంపలు మాడాయి. అడుగువి రెండు పారేశాను, మిగతావి బాగానే ఉన్నాయి.

డిసెంబరు 1

ఓయివాకి దొరికింది. ఉతకడానికి నా కోటు జేబులు చూస్తున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ కాపరంలో ఈ మనిషి ఒక్క జేబు చూసిన పాపాన పోలేదు, ఇవాళే చూడాలి.

బల్లమీద కాగితం పెట్టి కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. పెదాలు కదుపుతూ చదువుతాడు.

"సర్జనెందుకు?"

"కొద్దిగా పెరిగిందట."

"ఎంత కొద్దిగా?"

"పన్నెండు."

కళ్ళద్దాలు తీసేశాడు. కిటికీలోంచి వాకిలి వైపు చూశాడు. అక్కడ చూడటానికేమీ లేదు, మంచే.

"మీగడ సంగతి చెప్పావా వాళ్ళకి?"

"ఏ మీగడ?"

"ఏ మీగడంటావేంటే ముసలిదానా! నీ పక్కనే కూర్చున్నా గదా. హిల్మా పోసింది, నువ్వు కలిపావు."

"ఒక చుక్క."

"చుక్కా! కప్పు తెల్లగా అయిపోయింది. దానిమీద బన్నొకటి. దానిమీద ఆ స్పాంజి కేకు, క్రీము పూసింది. ఇంకో ముక్క తిను అంటే తిన్నావు. నేనేమో, ఈవిడ పొట్టకి స్కానింగు గదా, ఆ కాగితం ఏమందో అనుకుంటూ నోరు మూసుకున్నా."

"నోరెందుకు మూసుకున్నావు మరి?"

"కాఫీ తిండి కాదు గదా అనుకున్నా."

ఇద్దరమూ అదే అనుకున్నాం కాబట్టి ఒకళ్ళని ఒకళ్ళు తిట్టుకోవడానికి కూడా లేదు.

"పొట్టలో క్రీము కేకు పెట్టుకుని అక్కడ పడుకుంటే వాళ్ళకేం కనిపిస్తుందే?" అన్నాడు. "ఫోను చెయ్యి."

చేస్తానన్నాను.

డిసెంబరు 3

సరే, రాస్తాను. ఇక్కడ రాయడానికేం.

హిల్మా బల్లమీద ఏడు రకాలు పెట్టింది, పూర్వం పెట్టినట్టు. ఈ ఏడు తనకి ఎనభై. యాలకుల బన్ను, క్రీము కేకు, నాలుగు రకాల బిస్కెట్లు, చీజు. మొదట వద్దన్నాను. నిజంగా వద్దన్నాను. "ఏమే, నా బన్నులో ఎలుక పడిందా?" అంది హిల్మా. బల్లముందు కూర్చుని కప్పు బోర్లించుకుంటే ఇంటామె మొహం ఎలా అవుతుందో నాకు తెలుసు. ఇంపి మామగారు ఒకసారి మా అమ్మ దగ్గర అలా చేశాడు, అమ్మ ఆ మాట చచ్చేదాకా చెప్పింది. ఆసుపత్రి సంగతి చెప్పి ఉండవచ్చు. అందరూ సంతోషంగా ఉన్నారు. హిల్మా చెల్లెళ్ళు వచ్చారు. అప్పుడు పైత్యపు సంచి అని ఎలా అంటాం?

కప్పులు రెండు. రెంటిలోనూ మీగడ. బన్ను ఒకటి. కేకు రెండు ముక్కలు. చీజు రాయలేదు, చీజు కూడా తిన్నాను.

ఇప్పుడు ఫోను ఎందుకు చేయలేదంటే. మీగడ వల్లే సంచి ముడుచుకుని అలా కనిపించిందని ఓయివా అంటున్నాడు. అయి ఉండవచ్చు. చెబితే మళ్ళీ స్కానింగ్ చేస్తారు. పరగడుపున చేస్తారు. అప్పుడు కూడా పన్నెండు వస్తే నెపం వెయ్యడానికి మీగడ కూడా ఉండదు.

చెప్పకపోతే మీగడ ఉంటుంది.

డిసెంబరు 4

చెప్పలేదు. ఓయివా అడిగితే, ఫోను ఖాళీ దొరకలేదన్నాను.

డిసెంబరు 5

మధ్యాహ్నం హిల్మా వచ్చింది. రెండు వారాలు నేను వాళ్ళ గడప తొక్కలేదు. తలుపు దగ్గరే నిలబడింది, బూట్లు విప్పలేదు.

"నా మీద అలిగావా?"

"లేదే."

"మరి నిన్న నన్ను చూసి కొట్టు వెనక్కి ఎందుకు పోయావు? ఎనభై ఏళ్ళదాన్ని గానీ గుడ్డిదాన్ని గాదు."

పనుందన్నాను. ఆ చలిలో కొట్టు వెనక నాకు ఏం పని ఉంటుందో తను అడగలేదు. నేను తల దించుకున్నాను. అప్పుడు చెప్పేశాను, మాటలు వరసగా రాలేదు. పన్నెండు, ఇంపి, పరగడుపు, క్రీము కేకు.

హిల్మా గోడకున్న బల్లమీద కూలబడింది.

"నా కేకా?"

"నీ కేకు తప్పు కాదు."

"ఒసే సైమీ, ఒక్క మాట అంటే కప్పు నేనే బోర్లించేదాన్ని గదే! నా పేరురోజు ఏడాదికొకసారి వస్తుంది, నువ్వు మళ్ళీ వస్తావా?" అని, అన్నాక తన మాట తనకే వినిపించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, "ఫోను ఎక్కడ?" అంది.

"ఇప్పుడు మూసేస్తారు."

"రెండున్నర అయింది. ఎక్కడ?"

రేపు మా దేశానికి స్వాతంత్ర్య దినం, సెలవు, ఎల్లుండి చేస్తానన్నాను. ఎల్లుండి తనొచ్చి పక్కన కూర్చుంటానంది. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. చేతికి గ్లవు ఉంది. నాకేమీ తెలియలేదు, చెయ్యి పట్టుకుంది అని మాత్రం తెలిసింది.

డిసెంబరు 6

స్వాతంత్ర్య దినానికి అందరిళ్ళలో లాగే కిటికీలో కొవ్వొత్తులు రెండు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. ఓయివా అన్న యుద్ధంలో పోయాడు, ఆయన ఫోటో దగ్గర ఒకటి. ఇంపికి వేరే వెలిగించలేదు.

డిసెంబరు 7

ఎనిమిదింటికి ఫోను చేశాను. హిల్మా ఎదురుగా కూర్చుంది, కోటుతోనే. మీకు తిరిగి ఫోను చేస్తాం అని యంత్రం చెప్పింది. పదీ నలభైకి చేశారు. మధ్యలో హిల్మా ఒక్క మాట మాట్లాడలేదు, అది తనకెంత కష్టమో నాకు తెలుసు.

నర్సు పేరు చెప్పింది, గుర్తులేదు. గొంతు పెద్దది.

"చెప్పండి సైమీగారూ."

"నేను అబద్ధం చెప్పాను."

"దేని గురించండీ?"

"స్కానింగుకి ముందు తిన్నాను. తినలేదని చెప్పాను."

"ఏం తిన్నారు?"

"కాఫీ."

"కాఫీలో పాలా?"

"మీగడ." హిల్మా రెండు వేళ్ళు చూపించింది. "రెండు కప్పులు. బన్ను. కేకు. రెండు ముక్కలు. చీజు."

అటువైపు టైపు చేస్తున్న చప్పుడు. కోపం వచ్చిందనుకున్నాను. ఫోను పెట్టేద్దామనుకున్నాను.

"సైమీగారూ, ఈ నెలలో ఈ మాట చెప్పడానికి ఫోను చేసిన మూడోవారు మీరు. చెప్పనివాళ్ళెంతమందో మాకు తెలీదు. కాగితంలో పెద్దక్షరాలతో రాయించాలి, కాఫీ కూడా తిండే అని."

"తిండి కాదు కదమ్మా."

"పైత్యపు సంచికి తిండేనండీ. మీగడ తగిలితే అది పిండేసిన గుడ్డలా ముడుచుకుపోతుంది. అలా ముడుచుకున్నదాంట్లో ఏది గోడో ఏది పాలిప్పో చెప్పడం కష్టం."

"అయితే పన్నెండు తప్పా?"

"ఆ మాట నేననలేను. మళ్ళీ చూడాలి. పద్నాలుగో తేదీ ఉదయం ఖాళీ ఉంది. సర్జను తేదీ ఆపిస్తాను, ముందు ఇది చూద్దాం. రాత్రి పది తర్వాత నీళ్ళు కూడా వద్దు."

ఫోను పెట్టాక హిల్మా "ఏమంది?" అంది. చెప్పాను. తను ఏడ్చింది. నేను తనకి చేతిరుమాలు తెచ్చిచ్చాను.

డిసెంబరు 10

మైనస్ పద్దెనిమిది. పిల్లి బయటికి పోనంది. నేను అటకెక్కి ఇంపి ఉత్తరాల పెట్టె దించాను. తెరవలేదు. పైకి ఎక్కించలేదు కూడా. మెట్ల కింద ఉంది.

డిసెంబరు 11

ఓయివా: "భయంగా ఉందా?"

నేను: "లేదు."

నిజంగానే లేదు. చలికి వేళ్ళ చివర్లకి స్పర్శ పోతుందే, అలా ఉంది. చెయ్యి ఉందని తెలుసు, పని చేస్తోంది, గిన్నె పట్టుకుంటోంది.

డిసెంబరు 13

సాయంత్రం అయిదింటికి రెండు బంగాళాదుంపలు, ఉప్పుచేప ముక్క. తర్వాత ఏమీ లేదు. ఓయివా కూడా తినలేదు. నీకెందుకయ్యా అంటే ఆకలి లేదన్నాడు.

ఇర్యాకి ఇవాళ చెప్పాను. అరిచింది. అరిచాక, "అమ్మా, ఇంపి పెద్దమ్మకి ఉన్నంత మాత్రాన నీకుంటుందని లేదు" అంది. ఈ మాట దానికి ఎవరు చెప్పారు? నేనెప్పుడూ దాని ముందు అనలేదు.

డిసెంబరు 14

అయింది.

రాస్తాను, వరసగా రాస్తాను. లేకపోతే నేనే మళ్ళీ ఇంకోలా అనుకుంటాను.

ఈసారి డాక్టరు గడ్డమున్నాయన. "చివరగా ఎప్పుడు తిన్నారు?" అన్నాడు. చెప్పాను, బంగాళాదుంపలు రెండు అని కూడా చెప్పాను. "కాఫీ?" అన్నాడు. లేదన్నాను. తల ఊపాడు. నా మాట నమ్మాడో లేదో మొహంలో కనబడలేదు. నమ్మకపోయినా తప్పు లేదు.

తెర నా వైపు తిప్పాడు. చూడనన్నాను. చూడక్కర్లేదు, తిప్పి ఉంచుతాను అన్నాడు. కొంచెంసేపు గోడ చూశాను, తర్వాత చూశాను. నల్లగా, నిండుగా, బేరిపండు ఆకారం. గోడ సన్నగా గీతలా ఉంది. ఒక పక్కన చిన్న తెల్లటి చుక్క అంటుకుని ఉంది.

"అదేనా?"

"అదే. ఎడమ పక్కకి తిరగండి."

తిరిగాను. నల్లటిది కదిలింది, తెల్లటిది కదల్లేదు.

"రాయైతే దొర్లి కిందికి పోయేది. ఇది ఉన్నచోటే ఉంది, పాలిప్పే." ఆ చుక్కకి అటొక గుర్తు ఇటొక గుర్తు పెట్టాడు. "అయిదు."

"ఎన్ని?"

"అయిదు. పోయినేడూ అయిదే."

"మళ్ళీ కొలవండి."

మళ్ళీ కొలిచాడు. ఇంకో పక్కనుంచి కూడా కొలిచాడు. నేను అడగకుండానే మూడోసారి కూడా కొలిచాడు.

"మరి పన్నెండు ఏమైంది?"

"సంచి ముడుచుకున్నప్పుడు గోడ మడతలు పడుతుంది. పాలిప్పూ పక్కనున్న మడతా కలిసి ఒకటిగా కనబడి ఉంటాయి. ఆ రోజు చూసినావిడ తప్పేమీ కాదు, పరగడుపున ఉన్నారనుకుంది."

నా తప్పని ఆయన అనలేదు. నేనన్నాను. "అవును" అన్నాడు, మామూలుగా.

బయటికి వచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నాను. సంతోషం వస్తుందని కూర్చున్నాను. కొంచెంసేపు చూశాను. ఒకావిడ చేతికర్ర జారి పడితే తీసిచ్చాను. లోపల ఏమీ కదల్లేదు. ఇంపి ఈ కుర్చీలో కూర్చుందో ఇంకో కుర్చీలో కూర్చుందో అనుకున్నాను. అప్పుడు కుర్చీలు ఇవి కావేమో.

ఓయివా పై అంతస్తు దాకా ఎక్కి వచ్చాడు, లిఫ్టు కనపడక మెట్ల మీదే వచ్చాడట. "ఏమైందే?" అన్నాడు ఆయాసంతో.

"అయిదు."

ముక్కు చీదుకున్నాడు. చాలాసేపు చీదుకున్నాడు, పక్కనవాళ్ళు చూశారు.

నర్సు గదిలోంచి వచ్చి, "అయితే సైమీగారూ, మళ్ళీ ఏడాదికి చూస్తాం. కాగితం ఇంటికొస్తుంది" అంది.

నేను లేవలేదు.

"తేదీ చెప్పమ్మా."

"ఇప్పుడే ఎలా అండీ, దగ్గర పడ్డాక కాగితం పంపిస్తాం."

"నాకు తేదీ కావాలి."

"ఇవ్వమ్మా, లేకపోతే ఈవిడ ఇక్కణ్ణించి కదలదు" అన్నాడు ఓయివా. "నా దగ్గర్నుంచే నలభై ఎనిమిదేళ్ళుగా కదల్లేదు."

నర్సు లోపలికి వెళ్ళింది. కంప్యూటరు టకటకలాడింది. చీటీ తెచ్చి ఇచ్చింది.

ఇంటికొచ్చి ఆ చీటీ ఇందులో ఎక్కించబోతే ఈ డైరీ డిసెంబరు ముప్పై ఒకటితో అయిపోతోంది. ఇంపి పోయిన దగ్గరనుంచి వచ్చే నెల దాటి ఏ తేదీ నేను రాయలేదు, దంతాల డాక్టరుది కూడా. వచ్చే ఏటి డైరీ కొట్టుకి ఇంకా రాలేదు. వెనక అట్ట లోపలివైపు ఖాళీ ఉంది. అక్కడ రాశాను, అంకెలు పెద్దవిగా, కలం నొక్కి.

వచ్చే ఏడు డిసెంబరు 12, గురువారం, ఉదయం తొమ్మిదీ పది.